వానకి ఎలక్ట్రిక్ కారు బ్రేకు ఎందుకు పట్టేసిద్ది?

రెంటచింతల ఎండలకి పేరుబడ్డ మన పల్నాడులో తుప్పు పట్టి కారు కదలకపోవటమేందని అనిపించొచ్చు. ఎండల సంగతి సరే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పట్టే ముసురు సంగతేంది? 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను మన పక్కనే బాపట్ల కాడ తీరం దాటింది. అట్టాంటి తుపానుకి బండిని నాలుగు రోజులు వాకిట్లో వదిలేసి, అయిదో రోజు తీసి 'డి'లో పెడితే ఒక్కోసారి కదలదు. చార్జింగు నిండా ఉంటది, మోటారు మూలిగిద్ది, చక్రం మాత్రం తిరగదు. ఇంకాస్త తొక్కితే 'టక్'మని శబ్దమొచ్చి బండి ముందుకి దూకిద్ది. లక్షలు పోసి కొన్న బండి, బ్యాటరీ పోయిందేమోనని గుండె జారిపోయిద్ది. ఎక్కువసార్లు బ్యాటరీకీ దీనికీ సంబంధం ఉండదు. హ్యాండు బ్రేకు పట్టేసి ఉంటది, అంతే.

పెట్రోలు బండి తడిసినా బ్రేకు తుప్పు పట్టిద్ది. డిస్కు అయినా డ్రమ్ము అయినా పోత ఇనుమే. ఒక్క రాత్రి వానలో తడిస్తే చాలు, తెల్లారేసరికి ఎర్రటి పొర కనపడిద్ది. తేడా ఎక్కడంటే, పెట్రోలు బండిలో మీరు బ్రేకు తొక్కినప్పుడల్లా ప్యాడ్లు డిస్కుని ఒరుసుకుని ఆ పొరని గీకేస్తయ్. నాలుగు సార్లు తొక్కితే డిస్కు మళ్ళా తళతళలాడిద్ది.

ఎలక్ట్రిక్ కారులో ఆ ఒరుపిడే తక్కువ. పాత సైకిలు డైనమో గుర్తుందిగా? టైరుకి ఆనించగానే లైటు వెలిగేది, తొక్కుడు బరువయ్యేది. కరెంటు పుట్టాలంటే చక్రం మీద ఆ బరువు పడాల్సిందే. ఈ కార్లలో యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీస్తే మోటారే డైనమో అయిపోయి, కరెంటుని బ్యాటరీకి పంపిస్తా బండిని నెమ్మదిగా ఆపిద్ది. దీన్నే రీజనరేషన్ అంటారు. నర్సరావుపేట నుంచి సత్తెనపల్లి పోయి వచ్చినా అసలు బ్రేకుకి పెద్దగా పని తగలదు. ప్యాడ్లు ఏళ్ళ తరబడి వస్తయ్, ఖర్చు తగ్గిద్ది. అది నిజంగా లాభమే. కానీ గీకేవాడు లేక తుప్పు పొర మీద పొర పేరుకుంటది. అరిగిపోయి చెడిపోయే బ్రేకుల్ని మనం చూశాం, ఇది వాడక చెడిపోయే బ్రేకు.

తడి బండికి హ్యాండు బ్రేకు బిగించి రోజుల తరబడి వదిలేస్తే ఇంకో తంటా. చాలా రకాల లైనింగుల్లో కూడా ఇనప రజను కలిసి ఉంటది. లైనింగూ డ్రమ్మూ ఒకదానికొకటి అదుముకుని, మధ్యలో తడి చేరి, రెంటినీ కలిపి తుప్పు అంటుకుంటది. పిడుగురాళ్ళ, దాచేపల్లి పక్క తిరిగే బండ్లకి సున్నం దుమ్ము, సిమెంటు దుమ్ము అదనం. నీళ్ళు తగిలితే అది ముద్దయి, ఆరితే గట్టిపడిద్ది.

అమెరికా, కెనడాల్లో ఉన్న మన పిల్లలకి ఇదే తిప్పలు వేరే రూపంలో వస్తయ్. అక్కడ బ్రేకులో నీళ్ళు గడ్డకట్టి పట్టేస్తయ్. పైగా మంచు కరగటానికి రోడ్డు మీద ఉప్పు జల్లుతారు, ఉప్పు ఇనుముని తినేసిద్ది. అట్టాంటి చోట ఏడాదికోసారి, లేకపోతే 20,000 కిలోమీటర్లకోసారి బ్రేకు కాలిపర్లు శుభ్రం చేసి గ్రీజు పెట్టించమని టెస్లా తన పుస్తకంలోనే రాసింది. ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళయితే ఐడీ 3, ఐడీ 4 కార్లకి వెనక డిస్కులు మానేసి మళ్ళా పాత డ్రమ్ములే పెట్టారు, మూసి ఉంటయ్ గాబట్టి తుప్పు తక్కువని. డ్రమ్మంటే పాతకాలం సరుకని తీసిపారెయ్యొద్దు మరి. కాకపోతే వాగు దాటేటప్పుడు డ్రమ్ములోకి నీళ్ళు పోతే ఆరటం ఆలస్యం.

పట్టేసిన బండిని ఎట్టా వదిలించాలి? ముందు హ్యాండు బ్రేకు పూర్తిగా దించారో లేదో చూసుకోండి. తర్వాత కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి, మెల్లగా రెండు మూడు సార్లు అనండి. చాలాసార్లు ఊడొచ్చిద్ది. ఒక్కసారిగా తొక్కొద్దు. ఎలక్ట్రిక్ మోటారుకి నిలబడ్డ చోటే పూర్తి బలం ఉంటది. బండి ఎదర ఉన్న గోడ మీదకో పిల్లల మీదకో దూకొచ్చు, లేదంటే లైనింగు షూ నుంచి ఊడి లోపలే పడొచ్చు. కిరసనాయిలు, ఆయిలు, స్ప్రేలు కొట్టే అలవాటు మనోళ్ళకి బాగా ఉంది. బ్రేకు మీద చుక్క కూడా పడనివ్వొద్దు, అప్పుడు బండి కదులుద్ది గానీ ఆగదు. మెల్లగా అన్నా రాకపోతే మెకానిక్కుని ఇంటికే పిలవండి. తిరగని చక్రాన్ని తాడు కట్టి ఈడ్పించొద్దు.

అసలు పట్టకుండా చూసుకోవటం ఇంకా తేలిక. వానలో తిరిగొచ్చినా, కారు కడిగించినా, ఇల్లు చేరేముందు వెనక ఎవరూ లేని చోట నాలుగైదు సార్లు బ్రేకు కాస్త గట్టిగా తొక్కండి. ఆ వేడికి తడి ఆరిపోయిద్ది. రీజనరేషన్ తగ్గించే వీలున్న బండయితే వారానికోసారి సున్నాకి పెట్టి, కాసేపు కాలి బ్రేకుతోనే నడపండి. నాలుగు రోజులు తీయరనుకుంటే చదునైన చోట పెట్టి 'పి'లో వేసి, చక్రానికి ముందూ వెనకా రాళ్ళు పెట్టి, హ్యాండు బ్రేకు వదిలేయండి. కొన్ని బండ్లలో 'పి' ఉండదు, వాటికి రాళ్ళే ఆధారం, గట్టివి పెట్టండి. 'పి'లో వెయ్యగానే తనంతట తాను బిగుసుకునే బ్రేకయితే ఏం చెయ్యాలో బండి పుస్తకంలో చూడండి. ఏటవాలు చోట మాత్రం హ్యాండు బ్రేకు వదలొద్దు.

ఇదంతా బండి కదలకపోవటం గురించి. నాకు అంతకన్నా భయం ఆగకపోవటం గురించి. వినుకొండ మీదుగా శ్రీశైలం పోయేవాళ్ళు మనలో చాలామంది. కొండ మీద రాత్రంతా నూరు శాతం చార్జింగు పెట్టి, పొద్దున్నే దోర్నాల వైపు ఘాట్ దిగారనుకోండి. బ్యాటరీ నిండి ఉంటే కొత్త కరెంటుకి చోటుండదు, అందుకని రీజనరేషన్ బాగా తగ్గిపోయిద్ది. రోజూ కాలు తీస్తే ఆగే బండి ఆ మలుపుల్లో ఆగదు. నెలల తరబడి పని లేక తుప్పు పట్టిన బ్రేకులే అప్పుడు బరువంతా మొయ్యాలి. కొండ మీద ఎనభై, ఎనభై అయిదు శాతం కాడ ఆపుకుంటే చాలు.

షోరూముల వాళ్ళు 'మెయింటెనెన్సే ఉండదు' అని చెప్పి అమ్ముతున్నారు, ఈ నాలుగు ముక్కలు మాత్రం చెప్పరు. సర్వీసుకిచ్చినప్పుడు ప్యాడు మందం చూసి 'బాగుంది' అని రాసిస్తే సరిపోదు. కాలిపర్ పిన్నులు తీసి శుభ్రం చేశారా, బ్రేకు గ్రీజే పెట్టారా, బ్రేకు ఆయిలు గడువు ప్రకారం మార్చారా అని అడగండి. బ్రేకు ఆయిలు గాల్లో తడిని పీల్చుకుంటది, బండి తిరిగినా తిరక్కపోయినా. ఇంటికాడ మీరే చేసుకునే పరీక్ష ఒకటుంది. ఎక్కడా గట్టిగా బ్రేకు వెయ్యకుండా పది కిలోమీటర్లు తిరిగొచ్చి, ఒక్కో చక్రం దగ్గర అరచెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోవద్దు. ఈ కార్లలో నాలుగూ దాదాపు చల్లగానే ఉండాలి. ఒకటే సెగలు కక్కతా ఉంటే అక్కడ ప్యాడు వదలకుండా ఒరుసుకుంటందని లెక్క. చార్జింగు తొందరగా అయిపోతందని బ్యాటరీని తిట్టుకునే ముందు ఆ చక్రం విప్పించండి.