పాటతో పాటు విప్పే పటం

ఈమధ్య మనవాళ్ళ గృహప్రవేశాలకు వెళితే హాల్లో ఒక చేర్యాల బొమ్మ కనిపిస్తోంది. ఎర్రటి నేల, పెద్ద పెద్ద కళ్ళు, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు, పక్కన తాటిచెట్టు, చుట్టూ గాజు ఫ్రేము. చూడముచ్చటగానే ఉంటుంది. నా పేచీ ఒక్కటే. ఆ బొమ్మ గోడకు వేలాడడానికి పుట్టింది కాదు, ఎవరో పాడుతుంటే విప్పుకోవడానికి పుట్టింది.

నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాషీ కుటుంబాలవాళ్ళు కథకుల కోసం వేసిన అసలు పటం దాదాపు మూడడుగుల వెడల్పు, పదుల అడుగుల పొడవు. ముతక నూలు బట్టకు బియ్యం గంజి, సుద్ద, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూత మీద పూత వేసి ఆరబెడతారు. చుట్టినా విప్పినా రంగు పెచ్చులూడకూడదు కదా! కథకుడు తన కథలో ఏయే ఘట్టాలు కావాలో చెబితే చిత్రకారుడు ఆ వరుసలోనే గీసేవాడు. దేవుళ్ళకు నీలం, దేవతలకు పసుపు, రాక్షసులకు ముదురు రంగులు. రాత్రి కథలో, వెనక వరుసలో కునికిపాట్లు పడేవాడు కూడా కళ్ళు తెరవగానే వచ్చిందెవరో పోల్చుకోవాలి.

ఇక అసలు సంగతి: ఆ పటం ఎవరిది? పద్మశాలీలకు కూనపులివాళ్ళు వచ్చి భావనారుషి, మార్కండేయుల కథ పాడేవారు. గౌడులకు గౌడజెట్టీలు, ముదిరాజులకు కాకిపడగలవాళ్ళు, మాదిగలకు డక్కలివాళ్ళు జాంబపురాణంతో. ఏ కులానికి ఆ కులం కథకులు, ఆ కథకు పటం. మగ్గం ముందు కూర్చునే మనిషి తన మూలపురుషుణ్ణి దేవతల మధ్య, నిండైన రంగుల్లో చూసుకునేవాడు. ఊరు తనను ఎక్కడ నిలబెట్టినా, ఆ రాత్రి పాటలో, పటంలో తనదే పెద్దపీట. బయటివాళ్ళకు అది జానపద కళ, అతనికి ఇంటి చరిత్ర.

పాటకూ బొమ్మకూ ముడి అనగానే కళాచరిత్ర పుస్తకాలు ముందు చిత్రకారుడు కాండిన్‌స్కీ పేరు చెబుతాయి. 1911 జనవరిలో మ్యూనిక్‌లో స్వరకర్త షోన్‌బర్గ్ కచేరీ విని వచ్చి వేసిన చిత్రంలో నల్లటి పియానోను పసుపు ముంచెత్తుతుంది. గొప్ప చిత్రమే, కాదనను. రాగమాల చిత్రాలూ అంతే, రాగానికి ఒక నాయికనో రుతువునో కట్టబెట్టి రాజుగారు చేతిలోకి తీసుకుని చూసుకునేవి. రెండింటిలోనూ విన్నది ఒకరు, బొమ్మలో మిగిలింది ఆ ఒకరి అనుభూతి. మన పటం ముందు వాడకట్టంతా కూర్చునేది.

కథకులు తగ్గారు, పటాలు కురచయ్యాయి, మాస్కులూ కీచైన్లూ వచ్చాయి. నకాషీలను తప్పుపట్టను. వాళ్ళ పొయ్యి వెలగాలి. కానీ ఏటా మన వేడుకల్లో పిల్లల చిత్రలేఖన పోటీకి ‘మన సంస్కృతి’ అని అంశం ఇచ్చి, వందసార్లు చూసిన ముగ్గూ బతుకమ్మా గీయించడం ఇక చాలనిపిస్తోంది. ఈసారి అంశం ఇవ్వొద్దు. ఒక పొడవాటి బట్ట పరిచి, ఎవరైనా పెద్దాయన చేత తన ఊళ్ళో విన్న కథ పాడించి, వింటూ గీయమందాం. బట్ట, రంగులు నావి. పాడేవాళ్ళను మాత్రం వేడుకల కమిటీ ఇప్పట్నుంచే వెతకాలి.