దూడనాటి బెదురు, గేదెనాటి చేపు

తొలిచూలు ఈనిన గేదె, పొదుగు నిండా పాలుండి కూడా చేపడం లేదని సభ్యులు తరచు చెబుతుంటారు. దాణా మారుస్తారు, దిష్టి తీస్తారు, చివరకు సూది మందు తెప్పిస్తారు. దూడగా ఉండగా దాన్ని ఎవరు, ఎట్లా సాకారన్నది మాత్రం ఆలోచించరు.

పాలు చేపాలంటే ఆక్సిటోసిన్ అనే హార్మోను మెదడు అడుగునున్న గ్రంథి నుండి రక్తంలో కలిసి పొదుగును చేరాలి. పశువు బెదిరితే మూత్రపిండాల దగ్గరుండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను వదులుతాయి. అది చేపును అడ్డుకుంటుంది. 1941లో అమెరికాలో ఈలీ, పీటర్సన్ అనే శాస్త్రజ్ఞులు ఆవుల దగ్గర కాగితపు సంచులు పేల్చి మరీ ఈ సంగతి చూపించారు. ఆవు పాలలో సుమారు అయిదోవంతు పొదుగు దిగువ గదిలో సిద్ధంగా ఉంటుంది. గేదెకైతే నూటికి అయిదు పాళ్లే. కనుక బెదిరిన గేదె దగ్గర ఆ పూట చెంబు అడుగు కూడా తడవకపోవచ్చు.

అవే గ్రంథుల నుండి వచ్చే మరో హార్మోను కార్టిసాల్. ఇది కండను కరిగించి రక్తంలో చక్కెరను పెంచుతుంది. ఆపద సమయంలో అవసరమే. నిత్యం బెదిరే దూడకు మాత్రం తిన్నది ఒంటికి పట్టదు, రోగాన్ని తట్టుకునే శక్తీ తగ్గుతుంది.

లెవిన్ అనే శాస్త్రజ్ఞుడు 1950 దశకంలో ఎలుక పిల్లలను రోజూ కొద్ది నిమిషాలు చేత పట్టి తిరిగి తల్లి దగ్గర వదిలాడు. పెద్దయ్యాక అవి తక్కువగా బెదిరాయి. 1980 దశకంలో కెనడాలో మీనీ బృందం, అటువంటి ఎలుకల్లో బెదురు హార్మోను త్వరగా తగ్గేటట్లు మెదడే మారిందని కనుగొన్నది. ఎలుకకూ గేదెకూ పోలికేమిటంటారా? న్యాయమైన ప్రశ్నే. అయితే మెల్లగా సాకిన దూడలు మనిషికి తక్కువ భయపడతాయని పశువుల పరిశోధనల్లోనూ తేలింది. రోజూ అయిదు నిమిషాలు గంగడోలు గోకి, పొదుగు దగ్గర నిమరండి. రేపు పాలు పితకబోయే ఇల్లాలే ఆ పని చేస్తే మరీ మంచిది.

ఇక మందుల మాట. ఆక్సిటోసిన్ సూది ప్రభావం కొద్ది నిమిషాలే. రోజూ పొడిస్తే, సూది లేనిదే చేపని అలవాటు పడుతుంది. పశువు ఆరోగ్యానికి హాని చేసే పాల సూదులను 1960 నాటి జంతు హింస నివారణ చట్టం నిషేధించింది కూడా.

డెక్సామెథసోన్ కార్టిసాల్ జాతి మందే. డాక్టరు చేతిలో ప్రాణం నిలుపుతుంది. ప్రతి జ్వరానికీ వేయిస్తే రోగాలు తిరగబెడతాయి, పాలు తగ్గుతాయి. ఎక్కువ రోజులు వాడితే పశువు సొంత గ్రంథి పని మానుకుంటుంది. నిండు చూడి పశువు నెలలు నిండకుండానే ఈనవచ్చు. సూది వేయించేటప్పుడు మందు పేరు చీటీ మీద రాయించుకోండి. డాక్టరు చెప్పిన గడువు తీరేదాకా ఆ పాలు సంఘంలో పోయవద్దు.