‘గుడ్’ అని రాశారు, ప్రమోషన్ పోయింది

అపోహ: పని బాగుంటే చెప్పేదేముంది? తప్పు చేసినప్పుడు చెబితే చాలు.

వాస్తవం: సరిహద్దు రోడ్ల సంస్థలో ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్ దేవ్‌దత్ సంగతి చూడండి. సూపరింటెండింగ్ ఇంజినీర్ కావాలంటే ఐదేళ్ల రహస్య నివేదికల్లో ‘వెరీ గుడ్’ ఉండాలి. నాలుగేళ్లు ఉంది. 1993-94లో మాత్రం ‘గుడ్’ అని పడింది. అది చెడ్డమాట కాదు గనుక ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ ఒక్క మాటతో పైమెట్టు తప్పిపోయింది. 2008లో సుప్రీంకోర్టు తేల్చింది: మంచైనా చెడైనా, నివేదికలో రాసిన ప్రతి మాటా ఆ ఉద్యోగికి తెలియాల్సిందే. అప్పటికి ఆయన రిటైరయ్యారు. తీర్పు రావడం మంచిదే. కానీ అప్పట్లోనే పై అధికారి పిలిచి రెండు ముక్కలు చెప్పి ఉంటే కోర్టుదాకా వెళ్లే పనే ఉండేది కాదు.

అపోహ: ఫీడ్‌బ్యాక్ ఏదైనా మేలే చేస్తుంది.

వాస్తవం: చేయదు. క్లూగర్, డినీసి అనే పరిశోధకులు 1996లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, సగటున పని మెరుగైనా, మూడోవంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ తర్వాత పని దిగజారింది. మాట పని మీద నుంచి మనిషి మీదికి మళ్లేకొద్దీ దాని ఫలితం తగ్గుతుందని వారు గుర్తించారు. ‘నీకు శ్రద్ధ లేదు’ అంటే వినేవాడికి మిగిలేది అవమానమే. ‘నిన్నటి రిపోర్టులో మూడో పట్టిక మొత్తం కలవలేదు, ఒకసారి చూడు’ అంటే వెళ్లి సరిచేస్తాడు.

అపోహ: అప్రైజల్ రోజు ఉంది కదా, అన్నీ అప్పుడే చెప్పొచ్చు.

వాస్తవం: ఏప్రిల్లో జరిగిన పొరపాటు మార్చిలో ఎవరికి గుర్తుంటుంది? అడోబీ 2012లోనే ఏడాదికోసారి జరిపే అప్రైజల్ మానేసి, తరచూ మాట్లాడుకునే పద్ధతి పెట్టుకుంది.

అపోహ: మనంతట మనం అడిగితే చులకనైపోతాం.

వాస్తవం: అడిగే తీరులోనే ఉంది. ‘ఎలా ఉంది సార్?’ అంటే ‘బాగుంది’ అనేస్తారు. ‘ఇందులో ఒక్కటి మార్చమంటే ఏది మార్చమంటారు?’ అని అడిగి చూడండి, పనికొచ్చే జవాబు వస్తుంది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఇంకో మాట. మీ వార్షిక నివేదిక ఇప్పుడు పూర్తిగా మీ చేతికే వస్తుంది. అభ్యంతరం రాసివ్వడానికి 15 రోజులు గడువుంటుంది. చదవకుండా పక్కన పెట్టకండి.