కనిపించని యజమాని - కనిపెట్టి ఉండే ప్రభువు

ఈమధ్య ఒక శుక్రవారం జుమా నమాజు ముగిసి అందరూ ఇళ్ళకు మళ్ళుతున్న వేళ, ఒకప్పుడు నా వద్ద చదువుకున్న యువకుడు సలాం చేసి పక్కన కూర్చున్నాడు. ఉర్దూ, తెలుగు రెండూ చక్కగా వచ్చినవాడు. కొంతకాలంగా ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని, కృత్రిమ మేధకు భాష నేర్పే పని చేస్తున్నాడు.

“హజ్రత్! మొదటి మూడు నెలలు అల్లాహ్ బాగా ఇచ్చాడు. అబ్బా చేసిన అప్పు సగం తీర్చాను. ఆ ధైర్యంతోనే వాయిదాల మీద మోటారుసైకిలు తీసుకున్నాను. ఒకరోజు ఫజ్ర్ తర్వాత కంప్యూటరు తెరిస్తే పని లేదు. రెండు వారాలు చూశాను, లేదు. ఉత్తరం రాస్తే యంత్రమే జవాబిస్తోంది. చేసిన పనికి రావలసిన డబ్బు కూడా కొంత ఆగిపోయింది. ఇప్పుడు తెలిసినతను ఒకరు తన పేరు మీదున్న ఖాతా అద్దెకిస్తానంటున్నాడు. సంపాదనలో సగం అతనికివ్వాలి. తీసుకోవచ్చా?” అని అడిగాడు.

ఈ ప్రశ్న అతనొక్కడిది కాదు. డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న ఆడపిల్లలు, ఉద్యోగం కోసం ఎదురుచూసే యువకులు ఈ పని వైపు చూస్తున్నారు. అందువల్ల దీని మంచిచెడ్డలను ధర్మం వెలుగులో పరిశీలించడం అవసరం.

ఏమిటీ పని?

యంత్రం మనిషిలా మాట్లాడుతోందని మనం అబ్బురపడతాం. ఆ మాటల వెనుక మనుషుల శ్రమ ఉందన్న సంగతి మరచిపోతాం. ఒక ప్రశ్నకు యంత్రం ఇచ్చిన రెండు జవాబులు చదివి ఏది మేలో, ఎందుకు మేలో రాయాలి. ఫొటోలో బండి ఎక్కడుందో, మనిషి ఎక్కడున్నాడో గీత గీసి చూపాలి. ఉర్దూ వాక్యానికి తెలుగు అనువాదం సరిగా కుదిరిందో లేదో చూడాలి. కూలి గంటకింత అనో, పనికింత అనో డాలర్లలో లెక్కగడతారు.

యంత్రాలకు బొమ్మలను గుర్తుపట్టడం నేర్పిన ‘ఇమేజ్‌నెట్’ సంగ్రహం కోసం 167 దేశాలకు చెందిన దాదాపు 49 వేల మంది ఇంటర్నెట్ ద్వారా పని చేశారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీని విడుదల చేసిన సంస్థ, అంతకుముందే మనిషి ఆదేశాన్ని పాటించడం యంత్రానికి నేర్పడానికి సుమారు 40 మంది కాంట్రాక్టు పనివారిని పెట్టుకుంది.

కలిమి, లేమి

ఈ పనిలో మేలు లేకపోలేదు. ఊరు విడిచి వెళ్ళనక్కరలేదు. పర్దా పాటించే ఆడపడుచు ఇంటిపట్టునే ఉండి నాలుగు రూపాయలు సంపాదించుకోగలదు. నమాజు వేళకు లేవడానికి ఎవరి అనుమతీ అడగనక్కరలేదు. ఉర్దూ చదువు అన్నం పెట్టదన్న వారికి ఇదొక జవాబు కూడా.

అయితే ఆ అన్నం ఎన్నాళ్ళు దొరుకుతుందో చెప్పలేం. కంపెనీకి కావలసిన సమాచారం పోగయితే ఆ పని ముగిసినట్టే. యంత్రం తేలిక పాఠాలు నేర్చుకున్నాక వైద్యులు, న్యాయవాదులు, లెక్కల్లో ఆరితేరిన వారు కావలసి వస్తారు. పనిలో చేరడానికి రాసే పరీక్షకు చాలాచోట్ల డబ్బివ్వరు. పని వస్తుందేమోనని రాత్రంతా తెర ముందు కాచుకున్న గంటలకూ ఇవ్వరు. 2024 మార్చిలో ‘రిమోటాస్క్స్’ అనే వేదిక కెన్యాలో పని నిలిపివేసినప్పుడు, అక్కడి పనివారికి ఆ కబురు ఈమెయిల్ ద్వారా తెలిసింది. అదే దేశంలో యంత్రం కోసం అసభ్యమైన, హింసాత్మకమైన రాతలను వేరుచేసిన వారికి గంటకు 2 డాలర్ల లోపే ముట్టిందని ‘టైమ్’ పత్రిక 2023 జనవరిలో రాసింది.

ఈ పనికి ఈ గతి తప్పదనుకోనక్కరలేదు. కోల్‌కతాలోని మటియాబుర్జ్‌లో ‘ఐమెరిట్’ సంస్థ ఇటువంటి పనినే ముస్లిం మహిళలకు ఆఫీసులో ఉద్యోగంగా ఇచ్చింది. ఇవ్వదలచుకుంటే నెల జీతంతోనూ ఇవ్వవచ్చునని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఒప్పందం తేటగా ఉండాలి

దివ్య ఖుర్ఆన్‌లోని ‘ఖసస్’ సూరాలో హజ్రత్ మూసా (అ) మద్‌యన్‌లో కొలువుకు కుదిరిన వృత్తాంతం ఉంది. ఎనిమిదేళ్ళు పని చేయాలని, పదేళ్ళు పూర్తి చేస్తే అది ఆయన ఇష్టమని ఆ పెద్దాయన ముందే చెప్పాడు. నిన్ను కష్టపెట్టే ఉద్దేశం నాకు లేదని కూడా అన్నాడు. గడువు, ప్రతిఫలం, షరతు మూడూ పని మొదలుకాకముందే తేలిపోయాయి. మన ఫిఖా గ్రంథాలలో ‘ఇజారా’ అధ్యాయానికి మూలసూత్రం కూడా ఇదే. పని ఏమిటో, కూలి ఎంతో ఇరుపక్షాలకూ తెలియాలి. తెలియకపోతే ఒప్పందం చెడుతుంది. చెడినా, చేసిన పనికి కూలి ఎగ్గొట్టే వీలు లేదు. అటువంటి పనికి లోకంలో ఇచ్చే కూలిని, అంటే ‘ఉజ్రతె మిస్ల్’ను బట్టి చెల్లించాల్సిందే. పూర్తి పని చేయించుకుని కూలి ఇవ్వనివాడికి ప్రళయదినాన తానే ప్రత్యర్థినవుతానని అల్లాహ్ హెచ్చరించినట్టు హదీసు ఉంది.

మన దేశంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్, ఇటువంటి వేదికల ద్వారా పని చేసేవారిని పనివారిగా గుర్తించింది. కానీ సముద్రాల అవతలి కంపెనీని ఒంటరి పనివాడు నిలదీయడం తేలిక కాదు. అందువల్ల జాగ్రత్త మనవైపు నుంచే మొదలు కావాలి.

తడిసిన ధాన్యం

ఇక ఖాతా అద్దె మాట. మదీనా బజారులో ఒక ధాన్యపు రాశిలో దైవప్రవక్త (స) చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. ఆ తడి గింజలు జనానికి కనబడేట్టు పైనే ఉంచవలసిందని మందలించి, మోసగించేవాడు తన వాడు కాడని ఆయన హెచ్చరించారు. ఒకరి పేరుతో మరొకరు పని చేయడం తడి గింజలను కప్పిపెట్టడమే. ఆ సంపాదనలో బర్కత్ ఉండదు.

ఇంకొక మోసం ఉంది. స్వయంగా చదివి జవాబు రాయవలసిన చోట, మరో యంత్రంతో రాయించి పంపడం. కంపెనీవారు మధ్యమధ్య జవాబు తెలిసిన ప్రశ్నలు పెట్టి పనివారిని పరీక్షిస్తుంటారు. వాటిని ఏమార్చినా కిరామన్ కాతిబీన్‌ను ఏమార్చలేం. పైగా ఆ నష్టం కంపెనీ ఒక్కదానితో పోదు. మందు మోతాదు గురించిన తప్పు జవాబును చూడకుండా ‘సరైనదే’ అని గుర్తుపెడితే, రేపు ఆ యంత్రాన్నే ఏ తల్లో తన బిడ్డ జ్వరానికి మందు అడగవచ్చు. పనివాడి గుర్తు ఒక సాక్ష్యం. సాక్ష్యం అమానత్.

యూసుఫ్ (అ) నేర్పిన లెక్క

ఏడేళ్ళ పంటను ఏడేళ్ళ కరువు కోసం దాచమని హజ్రత్ యూసుఫ్ (అ) ఈజిప్టు వారికి ఉపాయం చెప్పారు. ఈ పనిలో ఏడేళ్ళు కాదు, మూడు నెలల పంట, మూడు నెలల కరువు. కనుక పని ఉన్న నెలలో వచ్చింది పని లేని నెలకు కూడా అని లెక్క వేసుకోవాలి. దీన్ని నమ్ముకుని అప్పు చేయకూడదు, వడ్డీ అప్పు అసలే కూడదు. చేతిలో ఉన్న పనిని, చదువును విడవకూడదు. ఏ రోజు ఎన్ని గంటలు చేశారో, ఎంత రావాలో, ఎంత వచ్చిందో పుస్తకంలో రాసుకోవాలి. అప్పు లావాదేవీలను రాసిపెట్టుకోమని ఖుర్ఆన్ ‘బఖరా’ సూరాలో వివరంగా ఆదేశించింది. రావలసిన కూలి కూడా ఒకరి మీద ఉన్న బాకీయే. పని ఇస్తామంటూ ముందుగా డబ్బు అడిగేవారిని నమ్మకూడదు. అశ్లీలమైన బొమ్మలు, రాతలు చూడవలసిన పని వస్తే వద్దనాలి. ఆ పూట ఉపాధి పోయినా ఉపాధి ప్రదాత వేరే ఉన్నాడు.

ఇదే ఆ యువకుడికీ చెప్పాను. అతడు చాలాసేపు మాట్లాడలేదు. “అయితే మోటారుసైకిలు అమ్మేస్తాను హజ్రత్” అన్నాడు చివరికి. ప్రస్తుతం పగలు తన మామూ దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు. రాత్రి ఇషా తర్వాత గంటసేపు కంప్యూటరు తెరిచి చూస్తాడు. పని ఉంటే చేస్తాడు, లేకపోతే మూసి పడుకుంటాడు. ఆగిపోయిన డబ్బు మాత్రం ఇంకా రాలేదు. తన పుస్తకంలో ఆ బాకీని అతడు కొట్టివేయలేదు.

చెమటోడ్చే ప్రతి చేతికీ న్యాయమైన కూలిని, ప్రతి సంపాదనలో నిజాయితీని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.