మీకు తెలుసా? పొలం అమ్మితే పన్ను ఉందో లేదో తేల్చే 2 కిలోమీటర్లు

వ్యవసాయ భూమి అమ్మితే ఇన్‌కం ట్యాక్స్ ఉండదన్న మాట సగమే నిజం. జనాభా 10 వేలు దాటి లక్ష లోపున్న మున్సిపాలిటీ అయితే, దాని హద్దుల్లో గానీ హద్దు నుంచి 2 కిలోమీటర్ల లోపు గానీ ఉన్న పొలం అమ్మగా వచ్చిన లాభంపై పన్ను పడుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ ఈ కోవలోవే. దూరం కొలిచేది రోడ్డు వెంట కాదు, నేరుగా గీత గీసినట్టు. బండి మీద 3 కిలోమీటర్లు చుట్టి వెళ్లే చెలక, గీత లెక్కన ఒకటిన్నర కిలోమీటరే కావచ్చు.

రెండేళ్లకు పైగా చేతిలో ఉన్న పొలమైతే లాభం మీద సాధారణంగా 12.5 శాతం. కొత్త పన్ను విధానంలో ₹12 లక్షల దాకా పన్ను ఉండదని 2025 బడ్జెట్లో విన్నాం కదా, ఆ రిబేటు ఈ లాభానికి వర్తించదు. దారి మాత్రం ఉంది: అమ్మకానికి ముందు రెండేళ్లు ఆ పొలం సాగులో ఉండి, అమ్మాక రెండేళ్లలోపు మరో సాగుభూమి కొంటే, దానికి పెట్టినంత మేరకు లాభంపై పన్ను ఉండదు. కాబట్టి పంట అమ్మిన తక్‌పట్టీలు పారేయకండి. సాగు చేసినట్టు చూపడానికి అవి పనికొస్తాయి.

పొలం అమ్మకం సంగతి అలా ఉంటే, పంట లెక్క వేరు. గద్వాల సీడ్ పత్తి చేలల్లో మధ్యాహ్నం మొగ్గలు గిల్లి, తెల్లారి పుప్పొడి అద్దే రైతుకు ఆ పంట మీద వచ్చేది వ్యవసాయ ఆదాయమే, పన్ను లేదు. అదే పంట మీద విత్తన కంపెనీ నుంచి, కంపెనీకీ రైతుకూ మధ్యవర్తిగా ఉండే ఆర్గనైజర్ తీసుకునే కమీషన్ మాత్రం వ్యాపార ఆదాయం.

వనపర్తిలో వేరుశనగ కొని అమ్మే చిన్న వ్యాపారి, టర్నోవర్ ₹2 కోట్ల లోపుంటే, ఖాతా పుస్తకాలు రాయకుండా అందులో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్ములోనైతే 6 శాతం లాభంగా చూపొచ్చు. నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే ఈ పరిమితి ₹3 కోట్లు. కమీషన్ ఏజెంటుకు ఈ సౌకర్యం లేదు.

నేతన్నలకూ ఒక మాట: చీర నేసినందుకు, పని ఇచ్చే మాస్టర్ వీవర్ చెల్లించే మజూరీలో 1 శాతం టీడీఎస్ కోసి ఉంటే, ఏడాది ఆదాయం పన్ను పడేంత లేని నేతన్న రిటర్న్ వేసి ఆ సొమ్ము వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆదాయపు పన్ను శాఖ పోర్టల్లో రిటర్న్ వేయడానికి రుసుము లేదు. పాన్ ఇవ్వకపోతే మాత్రం కోత 20 శాతం.