తెరచాపతో ద్వీపయాత్ర

మా బంగారుపాళ్యమునకు సముద్రము లేదు. చుట్టును కొండలు, కొండల నడుమ మామిడితోటలు, తోటల ప్రక్కగా చెన్నపట్టణమునుండి బెంగుళూరునకు పోవు రహదారి: ఇంతయే మా ప్రపంచము. గాలి యన్న మాకు భయము. వేసవిలో ఒక్క సాయంకాలము పెనుగాలి వీచినచో ఏడాది కష్టమంతయు కాయలై నేల రాలును. అట్టి మాకు, గాలినే నమ్ముకొని నెలల తరబడి నడిసముద్రమున పయనించువారి కథ మొదట వింతగా తోచినది. విచారించి చూడగా తోటవానికిని ఓడవానికిని పాఠమొక్కటియే యని తెలిసినది. గాలి నాపుట ఎవరి తరమును గాదు. అది యెప్పుడు వచ్చునో యెఱిగి, అంతకు ముందే సిద్ధపడుట మాత్రమే మన చేతిలోనిది.

తెరచాప నావ యెట్లు నడచునో మొదట చూతము. గాలి వెనుకనుండి త్రోసినపుడు నావ ముందునకు సాగుట యెవరికైనను అర్థమగును. ప్రక్కగాలితో సాగుటలోనే నేర్పున్నది. వంపుదేరిన తెరచాపకు రెండు వైపులను గాలి ఒత్తిడిలో భేదము కలుగును. ఆ భేదము నావను కొంత ముందునకును కొంత ప్రక్కకును లాగును. నావ అడుగున నీటిలోనికి దిగియుండు బరువైన పలక దానిని ప్రక్కకు జారనీయదు. కనుక నావ ముందునకే పోవును. గాలికి సూటిగా ఎదురుపోవుట మాత్రము ఏ తెరచాపకును సాధ్యము కాదు. అపుడు కొంతదూరము కుడికిని కొంతదూరము ఎడమకును మలుపులు తిరుగుచు పోవలెను. మొగిలి కనుమలో దారి సూటిగా కొండనెక్కలేక వంకరలు తిరిగి యెక్కినట్లే యిదియును. దూరము పెరుగును, దినములు పెరుగును, వాటితోపాటు త్రాగునీటి లెక్కయు మారిపోవును.

అందుచేత పూర్వులు ఎదురుగాలితో పోరాడుటకన్న అనుకూలమైన గాలికై వేచియుండుటయే మేలని యెంచిరి. హిందూమహాసముద్రమున ఇందులకు ప్రకృతియే పంచాంగము వ్రాసిపెట్టినది. జూను మొదలు సెప్టెంబరు వరకు నైఋతి ఋతుపవనము. శీతకాలమున ఈశాన్యపు గాలి. భూమధ్యరేఖ దాటి దక్షిణమునకు పోయిన పిదప ఆగ్నేయమునుండి ఇంచుమించు ఏకధాటిగా వీచు వ్యాపారపవనము. ఈ గాలుల నడుమ భూమధ్యరేఖ దాపున నిశ్చలమైన పట్టీ యొకటి కలదు. అచ్చట తెరచాపలు వ్రేలాడబడి, నావ దినముల తరబడి కదలకుండుటయు కలదు. ఉన్నట్టుండి ఉరుములతో వాన కురిసి, మరల అంతయు సద్దుమణుగును. తుపానునకు జంకని నావికులు సైతము ఈ నిశ్చలతకు విసిగిపోవుదురు.

ఈ పంచాంగము తెలుగువారికి క్రొత్తది కాదు. శాతవాహనుడగు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు స్తంభముల ఓడ బొమ్మ కలదు. అటుపై వెయ్యేండ్లకు, 1244 ప్రాంతమున, కాకతీయ గణపతిదేవుడు నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవున ఒక అభయశాసనము వేయించెను. తుపాను తాకిడికి పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సొత్తును అంతకుముందు రాజులు కైవసము చేసికొనెడివారు. ప్రాణములకు తెగించి వచ్చిన వర్తకునియెడ అది న్యాయము కాదని తలచి గణపతిదేవుడు, నియతమైన సుంకము దక్క మఱేమియు గైకొనమని ద్వీపాంతర వర్తకులకు మాట యిచ్చెను. ఆ సుంకము ముప్పదింట ఒక వంతు. దానికి కూపశుల్కమని పేరు; కూపమనగా ఓడస్తంభము. ద్వీపయాత్రకు అనుకూలమైన గాలి యెంత ముఖ్యమో, రేవున నిలిచిన మనుష్యుని మాటయు అంత ముఖ్యమని ఆ శిల నేటికిని చెప్పుచున్నది.

ఆ అభయము అందఱకును దొరకలేదు. గోదావరి ముఖమున, నేటి తాళ్ళరేవు దాపున నున్న కోరంగి, ఓడల నిర్మాణమునకు పేరొందిన రేవు. 19వ శతాబ్దమున తెరచాప ఓడలలో ద్వీపములకు పోయిన తెలుగువారిలో పలువురు వర్తకులు గారు. చెఱకుతోటలలో పనిచేయుటకు ఒప్పందముపై పోయిన పేదలు. 1834 లో మారిషస్ దీవికి మన దేశమునుండి ఒప్పందపు కూలీల ప్రయాణము మొదలయ్యెను. కోరంగి రేవు పేరుమీదుగా అచ్చటి తెలుగువారిని కోరంగీలని పిలిచిరి. మద్రాసు రేవున ఓడ యెక్కి సముద్రాంతరములకు పోయిన కూలీలలో ఉత్తరార్కాటు జిల్లావారును ఉండిరి. 1911 వరకు మా చిత్తూరు సీమ ఆ జిల్లాలోనిదే. కావున ఈ కథ మాకు పరాయిది కాదు. విహారమునకు పోవువాడు గాలి బాగుగా లేనిచో ఆగును. కూలికి పోవువానికి ఆగు స్వాతంత్ర్యము లేదు; వారముల తరబడి ఇఱుకైన ఓడలో, రోగముల నడుమ, తెలియని తీరమునకు పోవలసినదే. వారు దిగిన పోర్టు లూయీ రేవులోని కట్టడము అప్రవాసీ ఘాట్ అను పేరుతో నేటికిని నిలిచియున్నది. 2006 లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. నేడు ఆ దేశమున ఉగాది ప్రభుత్వ సెలవుదినము.

1839 నవంబరున వచ్చిన తుపాను, ఉప్పెన కోరంగి రేవును పాడుచేసెను. ఆ కాలమున కలకత్తాలో నుండి తుపానులను పరిశీలించిన హెన్రీ పిడింగ్టను, చుట్టచుట్టుకొన్న పామును స్ఫురింపజేయు గ్రీకు మాటనుండి సైక్లోను అను పేరు కల్పించి, 1848 లో నావికులకై వ్రాసిన గ్రంథమున వాడెను. తుపాను గాలి సూటిగా వీచదు, సుడి తిరుగును. ఇది తెలియుట వలన ఎందఱి ప్రాణములో దక్కినవి. భూమధ్యరేఖకు ఉత్తరమున గాలికి వీపు త్రిప్పి నిలిచినచో తుపాను కేంద్రము ఎడమవైపున నుండును. దక్షిణమున కుడివైపున నుండును. ఎటు తప్పించుకొనవలెనో నావికుడు దీనినిబట్టి నిర్ణయించును. నెలలును తెలిసినవే. బంగాళాఖాతమున ఋతుపవనమునకు ముందును, మరల అక్టోబరు మొదలు డిసెంబరు వరకును తుపానుల కాలము. మారిషస్ ప్రాంతమున నవంబరు మొదలు ఏప్రిల్ వరకు. బుద్ధిమంతులు ఆ నెలలలో ఆ జలములను విడిచిపోవుదురు, లేదా నాలుగు వైపుల నేల కాచిన రేవున లంగరు దించుదురు.

ఈ విద్యలో ఆఱితేరిన తెలుగు ఆడపడుచులను ఇటీవల చూచితిమి. 2017 సెప్టెంబరు 10 న ఆఱుగురు నౌకాదళ మహిళాధికారులు తారిణి యను తెరచాప నావలో గోవానుండి బయలుదేరిరి. నాయకురాలు వర్తికా జోషి. మిగిలిన అయిదుగురిలో పి. స్వాతి విశాఖపట్టణము వారు. ఐశ్వర్య బొడ్డపాటి హైదరాబాదు వారు. నావ పొడవు 56 అడుగులు మాత్రమే. ఆస్ట్రేలియా, న్యూజిలాండు, ఫాక్లండు దీవులు, దక్షిణాఫ్రికా: ఇవి ముందుగా నిర్ణయించిన మజిలీలు. తెరచాపతో భూమిని చుట్టుటకు నియమము కలదు: భూమధ్యరేఖను రెండుమాఱులు దాటవలెను, పయనించిన దూరము 21,600 సముద్రపు మైళ్ళకు తగ్గరాదు. పెనుగాలులకు పేరుపడ్డ హార్ను అగ్రమును వారు 2018 జనవరిలో దాటిరి. అంతటి కష్టము గడచి ఇంటిదారి పట్టిన తరువాత, ఏప్రిల్ నెలలో, చుక్కాని త్రిప్పు యంత్రమున లోపము కనబడెను. గోవా ఇంకను దూరము. వారు పంతమునకు పోక దారి మరల్చి మారిషస్ దీవి చేరిరి. పోర్టు లూయీలో నావను బాగుచేయించుకొని, మే 21 న క్షేమముగా గోవా చేరిరి. యాత్ర మొత్తము 254 దినములు.

ఒకనాడు ఆగు స్వాతంత్ర్యము లేక తెలుగు కూలీలు దిగిన రేవు అది. తమ యిష్టముతో ఆగి తెలుగు స్త్రీలు ఆశ్రయము పొందిన రేవును అదియే. సాహసమనగా ఆగకుండుట యని కొందఱు తలతురు. తారిణి చరిత్ర చూచిన పిదప మా కట్లు తోచదు. చెడిన చుక్కానితో ముందునకు పోకుండుటయు సాహసమే.

ఈ వేసవిలో మా తోటలపై మబ్బు కమ్మినపుడు ఈ సంగతులు మాకు జ్ఞప్తికి వచ్చును. కొమ్మలకు ఊతకఱ్ఱలు పెట్టి, పండుబారిన కాయను ముందుగా కోసికొని, గాలి తగ్గువరకు అరుగుపై కూర్చుందుము. సముద్రము మధ్య ఎవరో తెరచాప కుదించి కట్టి, మావలెనే ఆకసమువంక చూచుచుందురు.