రియాక్టరు దాకా వచ్చి ఆగే అణుభద్రత చర్చ: జాదుగూడ గుర్తుచేస్తున్నదేమిటి?

జంషెడ్‌పూర్: 2006 డిసెంబరు 25, క్రిస్మస్ సెలవు దినం. జంషెడ్‌పూర్‌కు పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని జాదుగూడ యురేనియం శుద్ధి కర్మాగారం నుంచి వ్యర్థాల చెరువుకు మడ్డిని తీసుకువెళ్లే గొట్టం డుంగ్రీడీహ్ గ్రామం వద్ద పగిలిపోయింది. రేడియోధార్మిక వ్యర్థాలు పక్కనున్న వాగులోకి పారాయి. ఆ సంగతిని మొదట గమనించినవారు గ్రామస్థులే. ప్రవాహాన్ని ఆపడానికి సుమారు తొమ్మిది గంటలు పట్టిందని స్థానిక సంస్థలు, అప్పటి వార్తా కథనాలు పేర్కొన్నాయి. వ్యర్థాల చెరువుల నిర్మాణానికి భూములు ఇచ్చి నిర్వాసితులైన ఆదివాసీ కుటుంబాలు నివసిస్తున్న గ్రామమది.

ఈ ఘటనలో రియాక్టరు పేలలేదు, నగరాలను ఖాళీ చేయించవలసిన అవసరం కలగలేదు. అందువల్లనే కావచ్చు, అణువిద్యుత్తు భద్రతపై సాగే చర్చల్లో దీని ప్రస్తావన అరుదు. అయితే ఆ చర్చ ఎక్కడ మొదలు కావాలో డుంగ్రీడీహ్ గుర్తుచేస్తుంది.

చర్చ రియాక్టరు చుట్టూనే ఎందుకు?

1979 మార్చి 28న అమెరికాలోని త్రీమైల్ ఐలాండ్, 1986 ఏప్రిల్ 26న నాటి సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్, 2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమా ప్రమాదాలు అణుభద్రతపై ప్రపంచ దృష్టిని మార్చాయి. ఫుకుషిమాలో భూకంపం, సునామీ కారణంగా శీతలీకరణ వ్యవస్థలు స్తంభించి మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగిపోయింది. ఆ తరువాత భారత్‌తో సహా అనేక దేశాలు తమ అణువిద్యుత్ కేంద్రాల భద్రతను సమీక్షించాయి.

త్రీమైల్ ఐలాండ్ ప్రమాదం జరిగిన సంవత్సరమే, 1979 జులై 16న, అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో చర్చ్‌రాక్ వద్ద యురేనియం వ్యర్థాల కట్ట తెగింది. సుమారు 1,100 టన్నుల మడ్డి, 35 కోట్ల లీటర్లకు పైగా కలుషిత జలం ప్వెర్కో నదిలోకి ప్రవహించాయి. నష్టపోయినవారిలో అధికులు నవాహో ఆదివాసీలు. విడుదలైన రేడియోధార్మికత పరిమాణంలో త్రీమైల్ ఐలాండ్ కంటే ఇదే పెద్దదని పరిగణిస్తారు. అయినా ప్రపంచానికి గుర్తున్నది త్రీమైల్ ఐలాండ్ పేరు మాత్రమే.

మడ్డిలో ఏముంటుంది?

దేశంలో తొలి యురేనియం గని జాదుగూడ. 1967లో ఏర్పడిన యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (యూసీఐఎల్) దీనిని నిర్వహిస్తోంది. తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలోనే భాటిన్, నర్వాపహాడ్, తురామ్‌డీహ్ తదితర గనులు కూడా ఉన్నాయి.

ఇక్కడి ఖనిజంలో యురేనియం శాతం చాలా తక్కువ. వెయ్యి కిలోల రాయిని తవ్వి, పొడి చేసి, ఆమ్లంతో శుద్ధి చేస్తే లభించే యురేనియం కిలోకు లోపే. మిగిలిన రాతి పొడిని సున్నంతో తటస్థీకరిస్తారు. అందులో ముతక భాగాన్ని గనిలోని ఖాళీలను పూడ్చేందుకు వాడి, మెత్తని మడ్డిని గొట్టాల ద్వారా చెరువులకు పంపుతారు. దీనినే టెయిలింగ్స్ అంటారు.

యురేనియం తీసివేసినంత మాత్రాన మడ్డి నిరపాయకరం కాదు. మూల ఖనిజంలోని రేడియోధార్మికతలో సుమారు 85 శాతం అందులోనే మిగిలి ఉంటుంది. దానిలోని రేడియం సగానికి తగ్గేందుకు 1,600 సంవత్సరాలు పడుతుంది. రేడియానికి మూలమైన థోరియం-230 సగానికి తగ్గేందుకు 75 వేల సంవత్సరాలకు పైగా కావాలి. రేడియం నుంచి వెలువడే రేడాన్ వాయువు గాలిలో కలుస్తుంది. ఎండిన మడ్డి ధూళిగా ఎగురుతుంది, కట్ట తెగినా గొట్టం పగిలినా నీటిలో చేరుతుంది. గని ఆయుష్షు కొన్ని దశాబ్దాలు. మడ్డికి కాపలా కాయవలసిన కాలం మానవ చరిత్ర కంటే పొడవైనది.

ఆరోగ్యంపై రెండు వాదనలు

జాదుగూడ పరిసర గ్రామాల్లో పుట్టుకతో వచ్చే లోపాలు, గర్భస్రావాలు, క్యాన్సర్ అధికంగా ఉన్నాయన్నది స్థానికుల దీర్ఘకాల ఆరోపణ. ఇండియన్ డాక్టర్స్ ఫర్ పీస్ అండ్ డెవలప్‌మెంట్ అనే వైద్యుల సంస్థ గనులకు దగ్గరలోని గ్రామాలను సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని గ్రామాలతో పోల్చింది. పుట్టుకతో వచ్చే లోపాలు, సంతానలేమి, క్యాన్సర్ మరణాలు దగ్గరి గ్రామాల్లోనే ఎక్కువని 2007లో వెలువడిన ఆ అధ్యయనం పేర్కొంది.

యూసీఐఎల్ ఈ ఆరోపణలను అంగీకరించడం లేదు. భాభా అణు పరిశోధన కేంద్రం, జంషెడ్‌పూర్‌లోని టాటా మెయిన్ హాస్పిటల్ వైద్యులు 1998లో జరిపిన పరీక్షల్లో, కనిపించిన వ్యాధులను రేడియేషన్‌కు ఆపాదించలేమని తేలిందని సంస్థ చెబుతోంది. ఈ అంశంపై దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని, తగిన జాగ్రత్తలు తీసుకుంటున్నామన్న అణుశక్తి కమిషన్ ప్రమాణపత్రం ఆధారంగా సుప్రీంకోర్టు 2004లో కొట్టివేసింది.

రెండు వైపులా పరిమితులున్నాయి. ఇంటింటి సర్వేలు వ్యాధుల సంఖ్య చెప్పగలవు. ఒక్కొక్కరి శరీరానికి ఎంత రేడియేషన్ తగిలిందో చెప్పలేవు. పేదరికం, పోషకాహార లోపం, మలేరియా వంటి కారణాలను విడదీసి చూపడమూ తేలిక కాదు. మరోవైపు, ప్రభుత్వ వైద్యుల పరీక్షలు ఎంత నిజాయితీగా జరిగినా, పరీక్షించేవారు, పరీక్షకు గురయ్యే సంస్థ ఒకే శాఖకు చెందినవైనప్పుడు ఫలితాన్ని ప్రజలు నమ్మడం కష్టం.

కొలిచేది ఎవరు?

సాధారణ ప్రజలకు అణు కార్యకలాపాల వల్ల తగిలే రేడియేషన్ ఏడాదికి ఒక మిల్లీసీవర్ట్‌కు మించరాదన్నది అణుశక్తి నియంత్రణ మండలి నిబంధన. జాదుగూడలో గాలిని, నీటిని కొలిచేది భాభా కేంద్రానికి చెందిన విభాగం. ఆ కేంద్రం, యూసీఐఎల్ రెండూ అణుశక్తి శాఖ పరిధిలోనివే. 1983లో ఏర్పడిన నియంత్రణ మండలికి చట్టబద్ధమైన స్వతంత్ర ప్రతిపత్తి లేదని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2012లో తప్పుపట్టారు. స్వతంత్ర నియంత్రణ సంస్థ కోసం 2011లో ప్రవేశపెట్టిన బిల్లు ఆమోదం పొందకుండానే కాలం చెల్లింది.

తెలుగు నేలతో ముడి

జాదుగూడలో తయారయ్యే ఎల్లోకేక్ హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కు చేరి, అక్కడ రియాక్టర్ల ఇంధనంగా రూపొందుతుంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యూసీఐఎల్ 2012లో మరో గని, శుద్ధి కర్మాగారం ప్రారంభించింది. అక్కడి వ్యర్థాల చెరువు వల్ల బోరు నీరు పాడై అరటి తోటలు దెబ్బతింటున్నాయని రైతులు ఫిర్యాదు చేయగా, సంస్థ ఖండించింది. నల్లమలలో యురేనియం అన్వేషణకు వ్యతిరేకంగా తెలంగాణ శాసనసభ 2019 సెప్టెంబరులో తీర్మానించింది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో భారీ అణువిద్యుత్ కేంద్రం ప్రతిపాదనలో ఉంది. ఉక్కు కర్మాగారంలో పనికోసం ఆ జిల్లా నుంచి తరలివచ్చి జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన కుటుంబాలకు ఇంధనం పుట్టేచోటు ఇప్పటి ఇంటికి దగ్గర, అణువిద్యుత్ కేంద్రం ప్రతిపాదించిన చోటు సొంతూరికి దగ్గర.

ప్రత్యామ్నాయానికీ ఒక ధర

అణువిద్యుత్తును సమర్థించేవారి వాదన తేలికగా తీసిపారేయదగినది కాదు. ఉత్పత్తయ్యే ప్రతి యూనిట్‌కు జరిగే మరణాలు లెక్కిస్తే బొగ్గుతో పోల్చినప్పుడు అణువిద్యుత్తు ఎంతో సురక్షితమని అంతర్జాతీయ అధ్యయనాలు చూపుతున్నాయి. శతాబ్దానికి పైగా భూగర్భంలో బొగ్గు మండుతున్న ఝరియా కూడా ఝార్ఖండ్‌లోనే ఉంది. దేశ విద్యుత్తులో అణువాటా సుమారు 3 శాతం మాత్రమే. వాతావరణ మార్పుల దృష్ట్యా దానిని పెంచాలన్నది ప్రభుత్వ విధానం. వాటా పెరిగితే స్వదేశీ యురేనియం అవసరమూ పెరుగుతుంది, మడ్డీ పెరుగుతుంది.

అయితే సగటు లెక్క దేశానికి వర్తిస్తుంది. పగిలిన గొట్టం పక్కన ఉన్న ఊరికి వర్తించదు. విద్యుత్తు ప్రయోజనం దూరనగరాలకు, దాని అపాయం వ్యర్థాల చెరువు గట్టున ఉన్నవారికి దక్కుతున్నప్పుడు భద్రత ప్రశ్న న్యాయం ప్రశ్న కూడా అవుతుంది.

సాధ్యమైనవి ఏమిటి?

పీడనం పడిపోగానే పంపులను వాటంతటవే ఆపివేసే పరికరాలు కొత్త సాంకేతికత కావు. గ్రామాల బావుల నీటిలో యురేనియం, రేడియం ఎంత ఉన్నదో సంతాలీ, హో, హిందీ భాషల్లో క్రమం తప్పకుండా ప్రకటించవచ్చు. తాగునీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. నీటిని మరిగించినందువల్ల అది తొలగిపోదు. జననాలు, క్యాన్సర్ కేసుల నమోదును అణుశక్తి శాఖతో సంబంధం లేని వైద్య సంస్థకు అప్పగించవచ్చు.

ఇవేవీ అణువిద్యుత్తు కావాలా వద్దా అన్న వివాదం తేలేవరకు ఆగవలసినవి కావు. 2006 నాటి ఆ రోజున వాగులో మడ్డి పారుతోందని ఊరివారు చూసి చెప్పవలసి వచ్చింది. మరోసారి గొట్టం పగిలితే ఆ సమాచారం కర్మాగారం నుంచి ఊరికి ముందుగా చేరాలన్నది గ్రామస్థులకు దక్కవలసిన కనీస హామీ.